ఇనుమునకు గాజు తొడుగు

కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాచరాదని మన ఇండ్లలో పసిపిల్లలకు సయితము తెలిసిన సంగతియే. పులుపు తగిలిన ఇత్తడి చిలుమెక్కును. చిలుము కడుపులోనికి పోయినచో ముప్పు. అందువలననే కళాయివాడు వీధివీధికి వచ్చి, నేలలో చిన్న గుంట త్రవ్వి, తిత్తి అమర్చి, కాగిన గిన్నెలో నవాసారము చల్లి, కొంచెము తగరమును గుడ్డతో లోపలనెల్ల తుడిచి పోవుచుండెడివాడు. గిన్నెకు బలమునిచ్చునది ఇత్తడి. పులుసునకు ఎదురు నిలుచునది తగరము. ఒక లోహమునకు లేని గుణమును దానిపైనున్న పలుచని పూత తెచ్చిపెట్టును. ఈ చిన్న ఉపాయమే, తగరమునకు బదులు గాజును, అల్యూమినియమును, జిర్కోనియాను చేతబట్టి, మోటారు కార్ల పొగగొట్టములమీదికిని, జెట్ ఇంజనుల దహనగదులలోనికిని ప్రవేశించిన వృత్తాంతమును ఇప్పుడు చెప్పదలచితిమి.

పెట్రోలు ఇంజనులో మండిన వాయువు కవాటము దాటి బయటికి వచ్చునప్పుడు దాని వేడి సుమారు 700 మొదలు 900 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు నుండును. సిలిండర్లనుండి వచ్చు ఆ వాయువును ఒకచోట చేర్చి వెనుకకు పంపునది ఎగ్జాస్టు మానిఫోల్డు. దానిని పోతయినుముతో ఒకే ముద్దగా పోయక, సిలిండరునకు ఒక ఉక్కుగొట్టము చొప్పున వంచి, చివర అన్నిటిని ఒక కూడలిలో కలిపినచో హెడరు అందురు. పందెపు కార్లవారికి ఇది మిగుల ప్రీతికరము. కాని పలుచని ఉక్కుగొట్టమునకు అంతటి వేడి పరమశత్రువు. 570 డిగ్రీల లోపల ఇనుముపై ఏర్పడు ఆక్సైడు పొర మెల్లగా పెరుగును. ఆ గీటు దాటినంతనే వూస్టైట్ అను మఱొక ఆక్సైడు పుట్టును. దానిగుండ ఇనుము బహు సులభముగా పైకి పాఱును. పైకి వచ్చినదెల్ల ఆక్సైడగును. అది పొలుసులు పొలుసులుగా రాలును. కమ్మరి దాగలిచుట్టు రాలియుండు నల్లని పొలుసు ఇట్టిదే. తగరము 232 డిగ్రీలకే కరగును గనుక కళాయివాని విద్య ఇచట కొరగాదు.

కారులో గొట్టము చిల్లిపడినచో చాలవఱకు చప్పుడుతోను, కొంత ఖర్చుతోను పోవును. విమానములో అట్లు కాదు. చిల్లినుండి వెడలిన మంట ఇంధనపు గొట్టములకు తగులవచ్చును. రంగును వాసనయు లేని కార్బన్ మోనాక్సైడు చోదకుని గదిలో జొరబడి, అతనికి తెలియకుండగనే అతనిని స్పృహ తప్పించవచ్చును. పూతలనగా కంసాలి పనివంటి అలంకారమని తలంచువారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

దీనికి తొలి మందును లోహశాస్త్రజ్ఞులే కనుగొనిరి. 1913లో షెఫీల్డు నగరమున హారీ బ్రియర్లీ, తుపాకి గొట్టములు లోపల అరగిపోవుట మాన్పుటకై ప్రయోగములు చేయుచు, క్రోమియము దండిగా కలిసిన ఉక్కు త్రుప్పు పట్టకుండుట గమనించెను. క్రోమియము తన ఆక్సైడును కంటికి కనబడని తెఱవలె కప్పుకొనును. ఆ తెఱ చిరిగినను మరల తానే అల్లుకొనును. నికెలును దానికి తోడు చేర్చగా వేడికి నిలుచు మేలైన మిశ్రమములు వచ్చినవి. అయితే క్రోమియమును నికెలును అన్ని దేశములలో దొరకవు. యుద్ధము వచ్చినచో ఫిరంగులకు, కవచములకు, గుండ్లకు, అన్నిటికిని అవియే కావలెను. ఇక పొగగొట్టములకు మిగులునది ఎంత?

రెండవ ప్రపంచయుద్ధమున ఈ కొఱత జర్మనీని గట్టిగా పీడించెను. ప్రపంచమున మొట్టమొదటి జెట్ విమానమైన హైంకెల్ 178, 1939 ఆగస్టు 27న జర్మనీలోనే ఎగిరెను. బ్రిటనులో ఫ్రాంక్ విటిల్ ఇంజనుతో గ్లాస్టర్ విమానము 1941 మే 15న పైకి లేచెను. బ్రిటిషువారికి నికెలు దొరకుచుండెను. నిమోనిక్ అను నికెలు మిశ్రమము వారి టర్బైను రెక్కలను కాపాడినది. యుంకర్స్ సంస్థలో ఆన్సెల్మ్ ఫ్రాంట్స్ రూపొందించిన యూమో 004 ఇంజనునకు ఆ భాగ్యము లేదు. తొలి నమూనాలలో మంచి లోహములనే వాడిరి గాని, వేలకొలది తయారు కావలసిన 004బి రకమున అట్టి లోహములను చిటికెలతో కొలిచినట్లు వాడవలసి వచ్చెను. దహనగదులను సామాన్యమైన మెత్తని ఉక్కు రేకుతో చేసి, దానిపై అల్యూమినియము పూతవేసి కాల్చిరి.

అల్యూమినియము 660 డిగ్రీలకే కరగును గదా, జ్వాల నడుమ అదెట్లు నిలుచునని పాఠకులు ప్రశ్నింపవచ్చును. అది అల్యూమినియముగా నిలువదు. ఉక్కులోనికి ఇంకి దానితో మిశ్రమమై, పైముఖమున అల్యూమినా అను ఆక్సైడును కప్పుకొనును. అల్యూమినా రెండువేల డిగ్రీలు దాటినగాని కరగదు. ఈ మర్మము అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థవారికి 1910 దశకమునుండియే కలొరైజింగ్ అను పేర తెలిసియుండెను. జర్మనులు దానిని అవసరముకొలది ఆకాశమునకెత్తిరి. ఆ ఇంజను ఆయువు ఇరువదియైదు గంటలని లెక్క. తఱచు పది గంటలకే విప్పవలసి వచ్చుచుండెను. దీనినిబట్టి పూత చెడ్డదని కొందఱందురు. మాకట్లు తోచదు, ఆయువు తగ్గుటకు టర్బైను రెక్కల బలహీనతయే ముఖ్యకారణము. సామాన్యపు రేకు దహనగదిగా ఆ మాత్రమైనను పని చేసినదనిన అది పూత చలవయే. ఈ కథలో మఱువరానిది ఇంకొకటి కలదు. ఆ ఇంజనులలో కొన్ని నార్డ్‌హౌజెన్ దగ్గఱ కొండ సొరంగములలో నిర్బంధ శిబిరపు ఖైదీల వెట్టిచాకిరితో తయారైనవి. ఇంజనుల యుక్తిని మెచ్చుకొను పుస్తకములు ఆ పుటను త్వరగా త్రిప్పివేయుచుండును.

అట్లాంటిక్ మహాసముద్రమునకు ఆవలి ఒడ్డున ఇదే సమస్యకు మఱొక దారి దొరకినది. వాషింగ్టనులోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ అను ప్రభుత్వ ప్రయోగశాలలో ఎనామెలు పనివారి శాఖ యొకటి యుండెను. మన ఇండ్లలో తెల్లని ఒడలును నీలపు అంచును గల పళ్లెములు, మూతగిన్నెలు ఒకనాడు విరివిగా నుండెడివి. అవి క్రింద పడినప్పుడు పెచ్చులూడి నల్లని ఇనుము బయటపడుచుండెను. అదియే ఎనామెలు, అనగా ఇనుముపై కరగించిన గాజు. అట్టి గిన్నెలకును, స్నానపుతొట్లకును, పొయ్యిలకును సంబంధించిన విద్యనెఱిగిన విలియమ్ హారిసన్, డ్వైట్ మూర్, జోసెఫ్ రిచ్‌మండ్ అను మువ్వురు, యుద్ధకాలమున మెత్తని ఉక్కుతో చేసిన ఎగ్జాస్టు గొట్టములను కాపాడుటకు పూనుకొనిరి.

ఎనామెలు చేయు విధము వినుటకు సులభము. ఇసుక, బోరాక్సు, సోడా మొదలగు వానిని మూసలో కరగించి, ఎఱ్ఱగా నున్న గాజును చన్నీళ్లలోనికి వంపుదురు. అది పటపట పగిలి నూకవలె నగును. దీనికి ఫ్రిట్ అని పేరు. ఫ్రిట్‌ను మట్టితోడను నీళ్లతోడను గంజివలె నూఱి, దానిలో ఇనుమును ముంచియో, చిమ్మియో, ఆఱనిచ్చి కొలిమిలో పెట్టుదురు. కొన్ని నిమిషములలో గాజు కరగి ఇనుమును కఱచుకొనును. ఈ కఱచుకొనుటలోనే విద్య అంతయు నున్నది. అడుగుపూతలో కోబాల్టు ఆక్సైడు మిగుల కొద్దిగానైనను కలపనిచో అది గిన్నెను పట్టదని పనివారు అనుభవమున కనుగొనిరి. ఎందుకు పట్టదో రసాయనశాస్త్రజ్ఞులు ఆ తరువాత చిరకాలము వాదించుకొనిరి. రెండవ చిక్కు వ్యాకోచము. వేడికి ఇనుమెంత పెరుగునో గాజును ఇంచుమించు అంతే పెరుగవలెను. ఇంచుకంత తక్కువైనచో మంచిదే. చల్లాఱిన పిదప ఇనుము ఎక్కువ ముడుచుకొని గాజును నొక్కిపట్టును. గాజు నొక్కుడును ఎంతయైనను ఓర్చును గాని, సాగుడును ఓర్వదు.

మా వృత్తికి సంబంధించిన మాటయొకటి ఇచట చెప్పనిండు. పాత ప్రసారయంత్రముల లోపల, ఎక్కువ విద్యుత్తును మ్రింగి వేడెక్కు తీగచుట్టు రెసిస్టర్లపై మెఱయుచుండినది కూడ ఎనామెలే. తీగను గాలి తినకుండ కాచుచు, గంటలకొలది కాగి చల్లాఱు ఆ పూత పగిలినచో తీగ కాలిపోవును, ప్రసారము ఆగును. శ్రోతలకు వినబడు పాట వెనుక గాజు చేయు ఊడిగము కొంత గలదు.

గిన్నెల ఎనామెలును యథాతథముగ ఎగ్జాస్టు గొట్టమునకు పూసినచో ఆ వేడికి మెత్తబడి జాఱును. కావున బ్యూరోవారు బేరియము చేరిన గట్టి ఫ్రిట్‌ను తయారుచేసి, దానిలో క్రోమియము ఆక్సైడు పొడిని మూడవవంతునకు దగ్గఱగా కలిపిరి. ఆ పొడి కరగదు. కరగిన గాజు జాఱిపోకుండ ఇసుకబస్తాలవలె అడ్డుపడును. ఈ పూతలలో పేరుపొందినది ఎ-417. దాని రంగు ఆకుపచ్చ. దాని మందము అంగుళములో వెయ్యింట ఒకటి రెండు వంతులే. మందముగా పూసిన గాజు పెచ్చులూడును. పలుచనిది లోహముతోపాటు వంగును. గృహిణులు మెచ్చు నిగనిగ దీనికి లేదు. యుద్ధము ముగిసిన పిదప, 1947లో, వీరి పరిశోధనల నివేదికను అమెరికా విమానయాన సలహాసంఘమైన నాకా ప్రచురించెను. గొట్టములకై పుట్టిన పూత అప్పటికే టర్బైను భాగములవఱకు పోయినదని ఆ నివేదిక పేరే చెప్పుచున్నది. విటిల్, ఫ్రాంట్స్ మున్నగువారి పేర్లు చరిత్రగ్రంథములలో నున్నవి. గిన్నెలకు గాజుపూయు విద్యను జెట్ ఇంజనునకు తెచ్చిన ఈ మువ్వురను ఎఱిగినవారు అరుదు. ఇది న్యాయముగా లేదని మా అభిప్రాయము.

శాంతికాలమున ఈ విద్య రెండు పాయలుగా చీలెను. ఒకటి కార్లవైపు ప్రవహించినది. 1948లో లండనున ప్రదర్శింపబడిన జాగ్వార్ ఎక్స్‌కే 120 మొదలుకొని, 1961లో వెలువడిన ఈ-టైపు మీదుగా, ఆ సంస్థవారి కార్లలో పోతయినుప మానిఫోల్డులకు నల్లని ఎనామెలు తళతళలాడుచుండెను. చూపరులు దానిని సొగసనుకొనిరి. అది త్రుప్పును ఆపుటకు గూడ ఉద్దేశింపబడినదే. ఏండ్లు గడచినకొలది కాగుట చల్లాఱుటలతో ఆ నిగనిగలో సన్నని పగుళ్లు పుట్టుచుండెను. చౌకదారి మఱొకటి సిలికోను రంగు. 1940లో యూజీన్ రోకో సిలికోనులను తేలికగా తయారుచేయు పద్ధతి కనుగొనెను. మామూలు రంగులోని జిగురు కర్బనపు గొలుసు, వేడికి మాడిపోవును. సిలికోనులోని వెన్నెముక సిలికాను, ఆక్సిజనుల గొలుసు. దానిలో అల్యూమినియము పొడి కలిపి పూసి కాల్చినచో జిగురులోని కర్బనము పోయినను, ఇసుకజాతి పదార్థమును అల్యూమినియమును అంటుకొని మిగులును. లారీల పొగగొట్టములపై మనము చూచు వెండిరంగులలో పెక్కు ఈ జాతివి.

రెండవ పాయ ఆకాశమునకు పోయినది. ఇచట పూత ఉద్దేశమే మాఱిపోయెను. అంతవఱకు పూత పని గాలిని లోహమునకు తగలనీయకుండుట. ఇప్పుడు వేడినే తగలనీయకుండుట. 1959 మొదలు 1968 వఱకు 199 పర్యాయములు ఎగిరిన అమెరికా రాకెట్ విమానము ఎక్స్-15 ఇందుకు తొలి ఉదాహరణము. దాని ఇంజను అమోనియాను ద్రవ ఆక్సిజనుతో మండించును. దహనగది గోడలు సన్నని గొట్టముల కూర్పు. వానిలో అమోనియాయే పాఱుచు వానిని చల్లబఱచును. జ్వాలకు ఎదురైన ముఖమున జిర్కోనియా చిమ్మిరి. మొదట వేసిన పూత పెచ్చులూడి ఇంజనీర్లను విసిగించెను. పిదప లోహమును ఆనుకొనిన చోట నికెలు-క్రోమియము ఎక్కువగాను, జ్వాలవైపు పోవుకొలది జిర్కోనియా ఎక్కువగాను ఉండునట్లు క్రమక్రమముగా మార్చి పూసిరి. రెండు స్వభావములను గోడకు గోడగా నిలుపక, ఒకదానిలోనికి ఒకటి కలియునట్లు చేయుట ఇందులోని తెలివి.

జిర్కోనియా 2,700 డిగ్రీలవఱకు కరగదు. వేడిని మిగుల మందముగా ప్రసరింపజేయును. కాని దానికొక దుర్గుణము కలదు. కాగునప్పుడు 1,170 డిగ్రీల ప్రాంతమున దాని స్ఫటికరూపము మాఱును. చల్లాఱునప్పుడు మరల వెనుకటి రూపమునకు వచ్చుచు నూటికి నాలుగైదు పాళ్లు ఉబ్బును. ఉబ్బిన పూత పగులక మానదు. దీనిని అణచుటకు మెగ్నీషియా, సున్నము, యిట్రియా కలిపి చూచిరి. క్లీవ్‌లండులోని లూయిస్ పరిశోధనాలయమున — నాకా 1958లో నాసాగా మాఱినది, ఈ పరిశోధనాలయము 1999 నుండి గ్లెన్ పేర పిలువబడుచున్నది — స్టీఫన్ స్టెకురా 1970 దశకమున ఓపికతో పాళ్లు మార్చి మార్చి పరీక్షించెను. దుర్గుణమును పూర్తిగా పోగొట్టునంత యిట్రియా కలుపుటయే మేలని ఎవరికైనను తోచును. అట్లు కాలేదు. నూటికి ఆఱునుండి ఎనిమిది పాళ్లు మాత్రము కలిపినదే, అనగా సగము మాత్రము అణచబడినదే, ఎక్కువ కాలము నిలిచెను. పూతకును లోహమునకును నడుమ నికెలు, క్రోమియము, అల్యూమినియము, యిట్రియముల మిశ్రమపు పొరయొకటి మధ్యవర్తిగా నిలుచును. కర్ట్ లీబర్ట్ మొదలగువారు అదే లూయిస్ పరిశోధనాలయమున ఇట్టి పూత వేసిన టర్బైను రెక్కలను నిజమైన జెట్ ఇంజనులోనే త్రిప్పి చూచి 1976లో ఫలితములు ప్రకటించిరి. మిల్లీమీటరులో కొద్ది వంతులు మాత్రముండు ఈ పొర, లోపలినుండి గాలితో చల్లబఱచిన రెక్కపై నూరు డిగ్రీలకు మించిన వేడిని అడ్డగింపగలదు. నేడు ప్రయాణికుల విమానములలో ఈ పూత సర్వసామాన్యము.

ఆకాశమున గెలిచిన విద్య నేలమీద ఒకసారి భంగపడినది. 1970 దశకము చివర కమ్మిన్స్ సంస్థకు చెందిన రాయ్ కామో, అమెరికా సైన్యపు వాహనశాఖకు చెందిన వాల్టర్ బ్రిజిక్ కలిసి, డీజిలు ఇంజను పిస్టనునకును తలకును జిర్కోనియా తొడిగి, రేడియేటరు అక్కఱలేని లారీని తయారుచేయ దలచిరి. నీటితో పోవు వేడిని నిలిపినచో ఇంధనము మిగులునని ఆశ. అట్టి లారీ నడిచినది కూడను. కాని కాగిన గోడల నడుమ లోనికి వచ్చిన గాలి ఉబ్బి తక్కువగా నిండెను, నూనె మాడెను, నిలిపిన వేడిలో పెద్దభాగము పనిగా మాఱక ఎగ్జాస్టు గొట్టమున బయటికే పోయెను. 1987లో మ్యూనిక్ పరిశోధకుడు గెర్హార్డ్ వోష్ని మొదలగువారు, ఇట్టి తొడుగుతో ఇంధనపు ఖర్చు తగ్గుటకు బదులు పెరిగినదని చూపిరి. యుద్ధరంగమున రేడియేటరు పగులు భయము తప్పించుట చిన్న సంగతి కాదు గాని, ఉప్పెనవలె వచ్చిన ఆశలు మాత్రము వెనుకకు పోయినవి.

హెడరుపై నేడు వేయుచున్న పింగాణీ, అల్యూమినియము కలిసిన పూతల గూర్చి విక్రేతలు చెప్పు మాటలను ఈ అనుభవము వెలుగులో వినుట మంచిది. గొట్టమునకు త్రుప్పు తగ్గుననుట నిజము. ఇంజను అరలో వేడి తగ్గుననుటయు నిజము. ప్రక్కనున్న తీగలకును రబ్బరు గొట్టములకును దానివలన ఆయువు పెరుగును. వాయువు వేడిగా నుండినచో వెనుకనున్న ఉత్ప్రేరక పేటిక త్వరగా కాగి పని మొదలుపెట్టును. అది రెండు మూడువందల డిగ్రీలు కాగినగాని విషవాయువులను మార్పజాలదు. ఇంజను శక్తి అమాంతముగా పెరుగుననుట మాత్రము మేము నమ్మము. పూత వేయుటకు ముందు గొట్టమును గరుకుపొడితో చిమ్మి, నూనెజిడ్డు లేకుండ శుభ్రపఱచనిచో ఏ పూతయు నిలువదు. కళాయివాడు నవాసారము చల్లి గిన్నెను తోముట ఇందుకొఱకే.

మన హైదరాబాదు నగరమునకు ఈ విద్యతో సంబంధము లేకపోలేదు. 1963లో రక్షణలోహ పరిశోధనాలయమును, 1973లో మిశ్రధాతు నిగమమును ఇచట వెలసి, వేడికి నిలుచు మిశ్రమలోహములపై పనిచేయుచున్నవి. 1997లో ప్రారంభమైన చూర్ణలోహ, నవీనపదార్థ పరిశోధనకేంద్రము బాలాపూరున నున్నది. అచటి ముఖ్యవిద్యలలో నొకటి పేలుడుచే పూతవేయుట. అమెరికాలో దీనికి 1955లో పేటెంటు లభించినది. పొడవైన తుపాకి గొట్టమువంటి దానిలో ఆక్సిజనును, ఎసిటిలీనును నింపి, పూయవలసిన పొడిని చల్లి, నిప్పురవ్వ ముట్టింతురు. పేలుడు ఆ పొడిని కరగించి, శబ్దమును మించిన వేగముతో వస్తువుపై కొట్టును. ఒక్కొక్క దెబ్బకు రూపాయబిళ్లంత మేర, వెండ్రుకకన్న పలుచని పొర అంటుకొనును. సెకనుకు కొన్ని పేలుళ్ల చొప్పున వస్తువునంతటిని కప్పుదురు. ఎక్కువగా ఒరిపిడికి ఓర్చు పూతలకు దీనిని వాడుదురు గాని, వేడికి ఓర్చు పొరలను గూడ ఇట్లు వేయవచ్చును. ఆ మ్రోత చెవులు భరించునది కాదు. అందుచేత యంత్రమును మందపు గోడల గదిలో బంధించి, పనివారు వెలుపల నిలిచి నడపుదురు. మా ధ్వనిముద్రణ గదులను బయటి చప్పుడు లోనికి రాకుండ కట్టుదురు; ఆ గదిని లోపలి చప్పుడు బయటికి పోకుండ కట్టుదురు.